పిన్నులు తీయని బొంత

మా ఇంట్లో ప్రస్తుతం ఏడు బొంతలున్నాయి,
ఒక్కటీ కప్పుకోవడానికి పనికిరాదు.
ఒక్కోటి ఒక్కో పిజ్జా పెట్టెలో,
మూత మీద పెన్సిలుతో పేరు, మొదలెట్టిన ఏడాది.
"ఎగిరే బాతులు" పెట్టె మీద ఏడాది కొట్టేసి
మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను.

ఇరవై తొమ్మిదేళ్లు స్కూలు బస్సు నడిపిన చేతులివి,
గిమ్లీ ఊరి చుట్టూ, సరస్సు పక్కనే,
రోడ్డేదో మంచేదో తెలియని పొద్దుల్లో.
పావంగుళం కుట్టు మాత్రం వీటి మాట వినదు.
వెంట్రుకవాసి తప్పితే చాలు,
ఎనిమిది ముక్కలు కలిసేసరికి ఆ వాసి వేలెడవుతుంది,
బాతు ముక్కు తెగిపోతుంది.
నా బాతుల్లో సగం మొండిముక్కువే.

అందుకే మిషను పాదం పక్కన
పాత క్రిస్మస్ కార్డు ముక్కొకటి టేపుతో అంటించాను.
గుడ్డ దాన్ని ఒరుసుకుంటూ పోవాలి.
ఇస్త్రీ రుద్దకూడదు, అదమాలి:
ఎత్తు, దించు, ఎత్తు.
రుద్దితే నలుపలకల ముక్క కాస్తా గాలిపటమౌతుంది.
ఏటవాలుగా కోసిన గుడ్డ
బస్సులో వెనక సీటు పిల్లల్లాంటిది,
చూపు తిప్పావా, సాగిపోయింది.

ఇవన్నీ నేర్పింది డాగ్నీ,
చేపల కంపెనీలో లెక్కలు రాసేది.
నా మొదటి ముక్కని వెనక్కి తిప్పి
"ముందువైపు ఎవరైనా చూస్తారు" అంది,
ఇంకేమీ అనలేదు.
ఆ రోజంతా విప్పుతూ కూర్చున్నాను.
కోపంలో ఉన్నప్పుడు విప్పకూడదు, గుడ్డ చిరుగుతుంది.
ఇది డాగ్నీ చెప్పలేదు.

పూర్తయినవి లేవని కాదు.
అవి ఎవరెవరి ఇళ్లకో వెళ్లిపోయాయి,
కొత్త జంటకొకటి, చర్చి వేలంపాటకొకటి,
పుట్టిన ప్రతి బిడ్డకీ ఒకటి.
మా మంచం మీద మాత్రం కొట్లో కొన్న దుప్పటి.
ఐనార్ ఎప్పుడూ అడగలేదు.
అడగలేదన్నది ఈ జనవరిలోనే తట్టింది నాకు.
అప్పుడు మొదలెట్టాను నీలం, బూడిదరంగుల్లో,
వాడి పాత చొక్కాలు కొన్ని వాడికి చెప్పకుండానే కోసి.

కింద గదిలో పింగ్‌పాంగ్ బల్ల మీద
అస్తరు పరిచి, దూది పరిచి, పైన అతుకులు పరిచి,
మధ్య నుంచి అంచులకి అరచేత్తో తోస్తూ
పిడికిలికొకటి చొప్పున
మూడు వందల పన్నెండు పిన్నులు పెట్టాను.
నడుము పట్టేసింది.
ఆ రాత్రే కరెంటు పోయింది.

తుఫాను గోడల్ని తోస్తోంది.
కొట్టు దుప్పటి రెండు గంటలు కూడా ఆగలేదు.
టార్చి పట్టుకుని కిందికెళ్లి
దాన్నే భుజాన వేసుకొచ్చాను, పిన్నులతో సహా.
"ముళ్లపందిని కప్పుకున్నట్టుంది ఆస్డిస్" అన్నాడు ఐనార్.
కదిలితే గుచ్చుకుంటుంది, కదలకపోతే
కాళ్ల దగ్గర పిల్లి కదులుతుంది.
ఎవరు ఊపిరి తీసినా
చీకట్లో ఎక్కడో సన్నగా ఇనుము మోగుతోంది.
కాసేపటికి వాడు నవ్వడం మొదలెట్టాడు,
నవ్వితే మరీ గుచ్చుకుంటుందని తెలిసి కూడా.
అంచు మీద వేలుతో తడిమి
"ఇది నా చేపలవేట చొక్కా" అన్నాడు.
అవునన్నాను.
"బొత్తాం ఏది?"
డబ్బాలో ఉందన్నాను.

ఏడింటికి ఫ్రిజ్ మూలిగింది, దీపాలొచ్చాయి.
వాడి మోచేతి మీద రెండు ఎర్రటి చుక్కలు.
వాడు పడుకున్న వైపు దూది జరిగింది,
అస్తరు ఒక చోట మడత పడింది.
డాగ్నీ అయితే మొత్తం పిన్నులు తీయించి మళ్లీ పెట్టించేది.

మిషను కింద పెట్టాను, మధ్య నుంచి మొదలెట్టి
అలలు అలలుగా కుడుతూ, పిన్ను ఎదురైనప్పుడల్లా తీస్తూ.
మడత దగ్గరికొచ్చేసరికి పాదం ఆగింది,
వెనక చెయ్యి పెట్టి తడిమాను,
దాని మీంచే పోనిచ్చాను.

ఇప్పుడు అంచుపట్టీ మిగిలింది, చేత్తో, సాయంత్రాలు.
డబ్బాలోకి తిరిగొచ్చిన పిన్నులు మూడు వందల పదకొండు.
ఐనార్ రోజూ మంచం తట్టి చూసుకుని కూర్చుంటున్నాడు.